ఘంటసాల గొంతులో పూల మొర

వేలకొద్దీ పాటలు పాడిన గాయకుడికైనా లోకం చివరకు అతని పేరు పక్కన వ్రాసిపెట్టే పాట ఒక్కటే. అమెరికాలో బింగ్ క్రాస్బీ అంటే 1942లో రికార్డయిన ‘వైట్ క్రిస్మస్’. ఫ్రాంక్ సినాత్రా అంటే 1969 నాటి ‘మై వే’. ఆ రెండోదాని బాణీ ఫ్రెంచివాళ్లదన్న సంగతి కూడా జనం మరిచిపోయారు. అంతగా అది ఆయన సొత్తయిపోయింది. మరి మన ఘంటసాలకు అటువంటి పాట ఏది?

ఈ ప్రశ్న కరీంనగరంలోనో మంచిర్యాలలోనో నలుగురు పెద్దవాళ్లు కూచున్న అరుగుమీద వేసి చూడండి. ఒకాయన 1953 నాటి ‘దేవదాసు’ అంటాడు. ఇంకొకాయన ‘మాయాబజార్’ అంటాడు. కాసేపు వాదన నడిచాక ఏదో మూలనుంచి ఒకరు ‘పుష్పవిలాపం’ అంటారు. అంతే, మిగతావాళ్లు మాట్లాడరు. వింత ఏమిటంటే అది సినిమాలోది కాదు. ఆ మాటకొస్తే పాటే కాదు. తేటగీతులు, ఉత్పలమాలలు, గణాలూ యతిప్రాసలూ తప్పకుండా నడిచిన పద్యాలు. నాయకుడు లేడు, నాయిక లేదు, తెరమీద బొమ్మ లేదు. ఛందస్సుకు లోబడిన పద్యాల వరస ఒకటి సినిమా గాయకుడికి గుర్తుపాట కావడం తెలుగువాళ్ల ఇంట్లోనే చెల్లింది.

ఆ పద్యాలు జంధ్యాల పాపయ్యశాస్త్రిగారివి. ‘కరుణశ్రీ’ అంటేనే ఎక్కువమందికి తెలుస్తారు. 1912లో గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పి, 1992లో కన్నుమూశారు. ఆయన ‘ఉదయశ్రీ’లోనిది ఈ ఖండిక. కథ ఇంతే: తెల్లవారుజామున లేచి ఒకడు దేవుడి పూజకు పూలు కోయబోతాడు. కొమ్మ వంచి చెయ్యి చాచేసరికి పూలు మాట్లాడతాయి. మా ఆయువే నాలుగు గడియలు, ఆ కాస్తసేపు తల్లితీగ ఒడిలో ఊగి ఆమె కాళ్లదగ్గరే రాలిపోతాం, మధ్యన నువ్వెందుకు వచ్చావు అంటాయి. గాలికి వాసన ఇచ్చాం, తుమ్మెదకు విందు పెట్టాం, నీ కంటికి చల్లదనం ఇచ్చాం, ఇంకేం కావాలంటాయి. దారంతో మెడ బిగించి, గుండెలో సూది దూర్చి, ఒక రాత్రి సింగారించుకుని తెల్లారగానే చెత్తలో పారేసే మీ జాతి గొప్పదెట్లా అయిందని నిలదీస్తాయి. బుద్ధుడు నడిచిన నేలమీదనే గదా పుట్టావు, నీలో ప్రేమ ఎట్లా చచ్చిందని అడుగుతాయి. పూజారి ఉత్తచేతులతో తిరిగివస్తాడు.

నాలుగు గడియలంటే మన లెక్కలో 96 నిమిషాలు. ఆ కాస్త ఆయుష్షుగల పూల మొర ఒక శతాబ్దంలో మూడు వంతులు బతికివుండటానికి కవి ఒక్కడే కారణం కాదు.

మైకు చేసిన మేలు

పాతకాలపు నాటక పద్యం ఎట్లా ఉండేదో పెద్దలు చెప్పగా విన్నాం, కొన్ని రికార్డులూ ఉన్నాయి. వేయిమంది కూచున్న పందిట్లో చివరి వరసకు వినిపించాలి. చేతిలో యంత్రం ఏమీ లేదు. అందుకని గొంతు చించుకోవాలి. పద్యంలో మాట ఎవరికి అందినా అందకపోయినా చివరి అక్షరం పట్టుకుని హార్మోనియంతో పోటీపడుతూ రాగం తీసేవారు. ‘వన్స్‌మోర్’ అంటే హరిశ్చంద్రుడు కాటిలో ఏడుస్తూ ఏడుస్తూ మొదటికి వచ్చి మళ్లీ ఏడ్చేవాడు. అందులో గొప్ప గొంతులు లేవని కాదు. కాని ఆ గొంతులతో పూలు మాట్లాడలేవు. గుప్పెడంత మల్లెమొగ్గ పెద్ద గొంతుతో మొరపెట్టుకుంటే నవ్వు వస్తుంది.

1925 నుంచి విద్యుత్తు పద్ధతిలో రికార్డు చేయడం వచ్చింది. గాయకుడు మైకుకు జానెడు దూరంలో నిలబడి, పక్కన కూచున్నవాడితో చెప్పినట్టు పాడవచ్చు. అమెరికాలో ఆ సదుపాయాన్ని పట్టుకుని పైకి వచ్చినవాళ్లను ‘క్రూనర్లు’ అన్నారు; క్రాస్బీ వాళ్లలో మేటి. అక్కడ మైకు ప్రేమగీతాన్ని చెవిలో చెప్పే గుసగుస చేసింది. ఇక్కడ ఘంటసాల అదే మైకుతో పద్యాన్ని మాట చేశారు. శాస్త్రీయ సంగీతం క్షుణ్ణంగా నేర్చినవాడు, కావాలంటే గంటసేపు రాగం తీయగలవాడు. అటువంటి మనిషి తీయకుండా ఆపుకోవడంలోనే ఉంది విశేషం.

ఇక్కడ పాఠాలు చెప్పేవాణ్ణిగనక కొంచెం వివరం చెప్పక తప్పదు. ఉత్పలమాలలో పాదం మొదటి అక్షరానికి పదో అక్షరం జత పలకాలి, అదే యతి. బడిలో చాలామంది ఆ పదో అక్షరం దగ్గర పద్యాన్ని కత్తితో కోసినట్టు కోసి చదువుతారు, మాట మధ్యకు విరిగినా సరే. పాదం పూర్తికాగానే మరోసారి ఆగుతారు, వాక్యం పూర్తికాకపోయినా సరే. కరుణశ్రీ వాక్యం పాదాన్ని దాటి పక్క పాదంలోకి పాకుతుంది. ఘంటసాల ఆ వాక్యం వెంట నడిచారు. యతి ఉన్నచోట ఉంటుంది, చెవికి తెలుస్తుంది, కాని అడ్డం పడదు. పద్యానికీ పద్యానికీ నడుమ వచనంలో రెండు మాటలు చెబుతారు. ఆ మాటకూ తరువాతి పద్యానికీ మధ్య అతుకు ఎక్కడ పడిందో పోల్చుకోవడం కష్టం. ఎక్కడ పట్టి విడవాలో తెలిసిన సంగీతగాడు వేలమందిలో పదిమంది ఉంటారేమో గాని, ఎక్కడ మాట్లాడాలో తెలిసినవాడు ఇతనొక్కడేనని నాకు తోస్తుంది.

రికార్డు 78 వేగం నాటిది. ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కాస్త పైగా నడిచేది. పూల గోడు ఒక వైపున ఇమడదు; సగంలో లేచి పళ్లెం తిప్పి, సూది మార్చి, మళ్లీ కూచోవాలి. మా గుండెలో సూది దించకండి అన్న మొర సూదిమొన మీదనే ఇల్లిల్లూ తిరిగిందన్నమాట!

ఈ గొంతు ఎక్కడనుంచి వచ్చిందో క్లుప్తంగా చెబుతాను, చాలామందికి తెలిసినదే. 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్యగారు తరంగాలు పాడేవారు. తండ్రి చిన్ననాడే పోయారు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికం చేశారు. జోలె పట్టి మధుకరం తెచ్చుకుని తిన్న రోజులవి. 1942 ఉద్యమంలో పట్టుబడి బళ్లారి దగ్గర అల్లీపురం జైలు చూశారు. సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహంతో మద్రాసు వెళితే గ్రామఫోను కంపెనీవాళ్లు మొదట ఆ కంఠం పనికిరాదన్నారట. పేకేటి శివరాం పూనుకుని అవకాశం ఇప్పించిన కథ సినిమా లోకంలో అందరూ చెప్పేదే. 1945లో ‘స్వర్గసీమ’, 1951లో ‘పాతాళభైరవి’. ఆ తరువాతది చరిత్ర.

గోదావరికి ఇవతల

కోస్తా కవి వ్రాసి, కోస్తా గాయకుడు మద్రాసులో పాడిన ఈ పద్యాలు మన ఉత్తర తెలంగాణాలో ఇంతగా పాతుకోవడం ఏమిటని అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో కొంత ఎకసెక్కం కూడా ఉంటుంది. కొంచెం నేల తవ్వి చూస్తే తెలుస్తుంది. గంగాధర దగ్గర కురిక్యాల అని ఒక ఊరుంది. ఆ ఊరి బొమ్మలగుట్ట రాతిమీద పదో శతాబ్ది నడుమ జినవల్లభుడు చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. జినవల్లభుడంటే కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. నన్నయకు ముందే ఈ గుట్టమీద కందం నడిచింది. కొంచెం ఉత్తరంగా వెళితే గోదావరి ఒడ్డున ధర్మపురి. అక్కడ శేషప్ప నరసింహస్వామిని సీసపద్యాలతో నిలదీశాడు. ఆ శతకం అక్షరం రానివాళ్ల నోట కూడా పలికింది. దేవుడినీ మనిషినీ పద్యంలో గద్దించడం ఈ ఊళ్లకు అలవాటైన పనే. పూలు గద్దించడమొక్కటే కొత్త.

మరొక సంగతి. నిజాం రోజుల్లో ఇక్కడ చదువు ఉర్దూలో సాగింది. హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారంతటివారు కూడా ఉర్దూ మాధ్యమంలో చదువుకుని తెలుగులోకి వచ్చినవారే. 1948 తరువాత తెలుగు బడులు పెరుగుతున్న రోజులూ, ఈ రికార్డు ఇళ్లలోకి వచ్చిన రోజులూ ఇంచుమించు ఒక్కటే. పెద్దబాలశిక్ష ముట్టని వయసు మళ్లినవాళ్లకు ఛందస్సు అంటే ఏమిటో చెవిద్వారా చెప్పిన పంతులు ఈ లక్కపళ్లెం.

రేడియో కూడా సాయపడింది, అదీ ఒక చిత్రమైన దారిన. దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి చేతికి వచ్చింది. ఆ తరువాత కేంద్రమంత్రి కేస్కర్ సినిమా పాటల మీద కన్నెర్ర చేశారు; 1952 నుంచి కొన్నేళ్లు ఆకాశవాణిలో సినిమా పాట వినబడటమే గగనమైంది. రేడియోలున్నవాళ్లు సిలోను వైపు ముల్లు తిప్పారు. అక్కడ మీనాక్షీ పొన్నుదురై తెలుగు పాటలు వినిపించేవారు. 1957లో వివిధభారతి వచ్చేదాకా ఇదే వరస. సినిమాకు చెందని లలితగీతాలకూ పద్యాలకూ మాత్రం ఏ మంత్రి ఆజ్ఞా అడ్డురాలేదు. సినిమా వాడి గొంతును గుమ్మంలో ఆపి, అదే గొంతు పద్యం పట్టుకుని వస్తే లోపల పీట వేశారు!

తరువాత టేపులు వచ్చాయి. మా తరం విన్నది వాటిమీదనే. బెల్లంపల్లి, గోదావరిఖని బొగ్గుబస్తీల్లో పెళ్లి పందిరి మైకుసెట్టువాడు జోరుపాటలన్నీ అయిపోయి జనం భోజనాలకు లేచినప్పుడు ఈ పద్యాలు పెట్టేవాడు. పెళ్లిలో పూలు ఏడవడం శకునం కాదని ఎవరికీ తోచేది కాదు.

ఈ మధ్య డిగ్రీ తరగతిలో ఒక చిక్కు వచ్చింది. ఇప్పటి పిల్లలు పద్యాన్ని కరెంటు బిల్లు చూచినట్టు చూస్తారు. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు. వాళ్ల తప్పు కాదు, ఇంట్లో పద్యం విన్న చెవి కాదు గదా. అందుకని పుస్తకం మూయించి, చిన్న స్పీకరు పెట్టి ముందు రికార్డు వినిపిస్తాను. మొదటి పద్యానికి వెనక బెంచీలో కిసుక్కున నవ్వు తప్పదు. మూడో పద్యానికి ఆ నవ్వు ఉండదు. ఆనాడు పూర్తికాగానే ఒక అమ్మాయి లేచి అడిగింది:

“సార్, మరి మా అమ్మ బతుకమ్మకు గంపలకు గంపలు తంగేడు, గునుగు తెంపుకొస్తది. గప్పుడు గా పూలు ఏడ్వవా?”

తరగతి అంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం అది నవ్వవలసిన ప్రశ్నగా కనిపించలేదు. ఈ నేలలో పుట్టిన పిల్లకే ఆ సందేహం రావాలి. తొమ్మిదిరోజులు ఊరంతా పూలకోసం చెలకలవెంట తిరిగే దేశం మనది. నాకు తోచింది చెప్పాను. ‘పుష్పవిలాపం’లో మనిషి పూలను దేవుడికి ఇవ్వడానికి కోస్తాడు, ఆడవాళ్లు కొప్పులో తురుముకోవడానికి కోస్తారు, పువ్వు వస్తువు, దానితో పని ఇంకొకరికి. బతుకమ్మలో పువ్వు ఎవరికీ అర్పణ కాదు, పువ్వే అమ్మవారు. పేర్చి, నడుమ నిలిపి, చుట్టూ తిరిగి పాడి, చెరువులో సాగనంపుతాం. చెత్తలో పారేయం. కరుణశ్రీ చూచినవి పెరటి పూలమొక్కలు. ఆయన గునుగుచేను చూసివుంటే ఏం వ్రాసేవారో! అమ్మాయి కాసేపు ఆలోచించింది.

“తంగేడుకు గూడ తల్లి ఉంటది గద సార్?” అన్నది.

గంట కొట్టారు. ఆ ప్రశ్నను ఏటా తరగతికి నేనే వేస్తున్నాను ఇప్పుడు.

పూలు పెట్టుకున్న ఆడవాళ్లను ఇంతగా కోప్పడిన గొంతే దాశరథిగారి గీతంలో తలనిండా పూలదండ దాల్చిన రాణిని చూచి మురిసిపోయింది. అదీ సినిమాకు చెందని రికార్డే. నిజాం జైలు చూచి వచ్చిన కవి, తెల్లవాళ్ల జైలు చూచి వచ్చిన గాయకుడు కలిసి చేసిన శృంగారగీతం! రెండింటినీ వరసగా వినండి. ఒకదానిలో దండ ఉరితాడు, రెండోదానిలో కిరీటం. గాయకుడికి రెండూ నిజమే. 1962లో ‘గులేబకావళి కథ’తో నారాయణరెడ్డిగారు సినిమాకు వచ్చినప్పుడు కూడా ఈ కంఠమే ఆయన మాటకు తోడయింది. కరీంనగరం వాళ్లం ఘంటసాలను పరాయివాడనుకోకపోవడానికి ఆ పాటలొక్కటే చాలు.

నా మటుకు నన్ను అడిగితే, పద్యాల రికార్డుల్లో ‘కుంతీకుమారి’దే పెద్దపీట. అదీ కరుణశ్రీదే. పెళ్లికాని పిల్లతల్లి కన్నబిడ్డను ఏటిలో విడిచే ఘట్టం. పూలు వాదిస్తాయి, తర్కం లాగుతాయి, కుంతి వాదించలేదు. పెట్టెలో బిడ్డను పడుకోబెట్టి మళ్లీ తీసుకుంటుంది, మళ్లీ పెడుతుంది. ఘంటసాల అక్కడ గొంతు ఎత్తడు, రాగం మార్చి మురిపించడు; ఊపిరి మాత్రం తేడాగా వినిపిస్తుంది. కరుణశ్రీది ఉత్త కన్నీటి కవిత్వమని పెదవి విరిచినవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ‘పుష్పవిలాపం’ విషయంలో ఆ మాట కొంత ఒప్పుకుంటాను. ‘కుంతీకుమారి’ విషయంలో ఒప్పుకోను.

చివరి రికార్డు

1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో ఐరోపా, అమెరికా తిరిగి పాడివచ్చారు. ఆరోగ్యం అప్పటికే దెబ్బతిన్నది. ఆ స్థితిలో చేపట్టినది భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న, యాభైరెండేళ్లయినా నిండకుండా వెళ్లిపోయారు. లాంగ్‌ప్లే రికార్డుగా గీత ఆయన పోయిన తరువాతనే జనం చేతికి వచ్చింది.

గీత వింటుంటే ఒక సంగతి చటుక్కున తడుతుంది. శ్లోకం, వెంటనే తెలుగు వచనంలో తాత్పర్యం, మళ్లీ శ్లోకం. ‘పుష్పవిలాపం’లో పద్యానికీ పద్యానికీ నడుమ మాట్లాడిన పద్ధతే ఇది! అప్పుడు రెండు ముక్కలుగా ఉన్నది ఇక్కడ రికార్డుకు వెన్నెముక అయింది. సంస్కృతం రానివాడు శ్లోకానికి ఎంత ఎదురుచూస్తాడో తాత్పర్యానికీ అంతే ఎదురుచూస్తాడు. నీరసం వచ్చిన గొంతే. కాని నెమ్మది కూడా వచ్చింది. శ్రోతకు అందాలనే తొందర తప్ప మెప్పించాలనే తొందర లేదు.

అటువంటి రికార్డుకు పట్టిన గతి చూడండి. ఇప్పుడు మా వైపు ఊళ్లలో ఘంటసాల గీత వినబడిందంటే, ఆ వీధిలో ఎవరో పోయారని అర్థం. శవం ఇంట్లో ఉన్నంతసేపూ అదే, వైకుంఠరథం మీద అదే, కర్మరోజున పందిట్లో అదే. పొద్దున్నే ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటే పక్కింటివాళ్లు గాభరాపడి తలుపు కొడతారు. కొందరు కొడుకులు తండ్రి వింటుంటే “అశుభం, ఆపు” అని కట్టేస్తారు. విల్లు కింద పడేసి కూలబడిన ఒక ప్రాణమున్న మనిషిని లే, నిలబడు, పని చెయ్యి అని ఏడువందల శ్లోకాలు చెప్పిన గ్రంథం అది. లేవలేనివాడి తలదగ్గర పెట్టి, లేవగలవాళ్ల చెవినుంచి తీసేశాం. తాను పోవడానికి ముందు ఆ మనిషి ఊపిరి కూడదీసుకుని పాడింది బతికివున్నవాళ్ల కోసం గదా!

మా వీధి మొగదల ఒక కిరాణా దుకాణం ఉంది. ముసలాయన పొద్దున్న ఆరుగంటలకు తలుపు తీసి, దీపం పెట్టి, గీత పెడతాడు, ఏడాదిగా తప్పలేదు. మొదట్లో పాలపొట్లాలకు వచ్చినవాళ్లు “ఎవరు పోయిండ్రు పటేలా?” అని అడిగేవాళ్లు. “ఎవరు పోలే, దుకాణం తెరిచిన” అనేవాడాయన. ఒకరిద్దరు బేరం మానుకుని పక్క దుకాణానికి వెళ్లినమాట కూడా నిజమే. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవాళ్లు తగ్గారు. నిన్న పాలు కొనుక్కున్న ఒకావిడ చిల్లర చేతిలోకి వచ్చాక కూడా కదలకుండా నిలబడి ఉంది. ఏమమ్మా అని ముసలాయన అడిగితే, “ఆ తెలుగు మాట అయిపోనీ” అన్నది.